డ్రమ్ముల మామ పట్టిన పిడి

కంట్రోల్ గదిలో అందరికీ ఆయన డ్రమ్ముల మామే. ఆ గది అధికారికి మాత్రం నిజంగానే పిల్లనిచ్చిన మామ.

అణు రాకెట్ ఇంజను చుట్టూ డ్రమ్ములుంటాయి. ఒకవైపు తిప్పితే వేడి పుంజుకుంటుంది, రెండోవైపు తిప్పితే అణుగుతుంది. ఆ వేడిలోంచి హైడ్రోజన్ దూసుకుపోయి వాహనాన్ని తోస్తుంది. నేలమీది పరీక్షల్లో ఉద్యోగమంతా ఆ డ్రమ్ములు తిప్పింది ఈయనే. ఆకాశంలో ఎగిరే ఇంజన్లను తిప్పేది కంప్యూటరు. రిటైరయ్యేలోగా ఒక్క వాహనాన్నయినా తన చేత్తో పై కక్ష్యకు ఎక్కించాలని ఆయన కోరిక. అల్లుణ్ణి అడగడానికి మొహమాటపడి భార్య చేత అడిగించాడు.

"దానికేం అత్తయ్యా, మీరూ వచ్చి చూడండి," అన్నాడు అల్లుడు.

ఆ రోజు ఆవిడ అద్దానికి అవతల సందర్శకుల కుర్చీలో కూర్చుంది. మామ డ్రమ్ములు తిప్పే పిడి పట్టుకున్నాడు.

"మెల్లగా తిప్పండి మామా, చంద్రుణ్ణి గుద్దేస్తాం," అన్నాడు పక్కనున్న కళ్లజోడు ఇంజనీరు.

"నీ మొహం చూస్తే వాడే పక్కకి తప్పుకుంటాడులే."

అందరూ నవ్వారు, కాస్త ఎక్కువగానే.

తిప్పాల్సిన వరస ఆయనకు కంఠతా వచ్చు. తెరమీది గీత ఆయన మణికట్టు వెంటే నడిచింది. వాహనం పై కక్ష్య అందుకుంది.

డ్రమ్ములు అణిచేవైపు తిప్పేసినా ఇంజను లోపల సెగ కక్కుతూనే ఉంటుంది. చల్లబడేదాకా హైడ్రోజన్ పారాలి, లేకపోతే ఇంజను కరిగిపోతుంది. ఎందరికో ఈ పాఠం చెప్పిన మనిషి, అద్దం వెనక భార్య చేతులూపుతుంటే ఆ సంబరంలో హైడ్రోజన్ మీట మూసేశాడు.

మరుక్షణమే తప్పు తెలిసొచ్చింది. వేడి అంకె వైపు చూశాడు. పెరగాల్సింది, నింపాదిగా దిగుతోంది.

బల్ల కిందికి వంగి చూశాడు. పిడి నుంచీ మీట నుంచీ వచ్చిన తీగలు దేనికీ తగిలించి లేవు. చుట్టచుట్టి దారంతో కట్టి ఉన్నాయి.

తలెత్తేసరికి అందరూ ఎవరి తెర వాళ్లు చూసుకుంటున్నారు. కళ్లజోడు ఇంజనీరు భుజాలు మాత్రం నవ్వు ఆపుకోలేక కదులుతున్నాయి.

అల్లుడు వచ్చి చెవి దగ్గర వంగాడు. "నిజం పిడి ఇచ్చుంటే ఈపాటికి ఇంజను కరిగిపోయేది మామయ్యా, చూశారుగా. అత్తయ్య ఫోటో తీస్తున్నారు. చెయ్యి మళ్లీ మీట మీద పెట్టి కాస్త నవ్వండి."

పెట్టాడు. నవ్వాడు కూడా.

ఆ ఫోటో వాళ్ల ముందు గదిలో ఉంది. ఎవరొచ్చినా ఆవిడ చూపించి, వివరించమని ఆయన్ని పిలుస్తుంది. నాకూ ఓపిగ్గా వివరించాడు. ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లాక, గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు.