నాయనమ్మ నోట స్పానిష్ పాట

మొన్న విజయనగరంలో ఏదో కాగితం జిరాక్సు తీయించుకోవడానికి ఒక ఇరుకు కొట్లోకి వెళ్తే, వేడెక్కిన కంప్యూటరు డబ్బా మీది దుమ్ము వాసనా, దాని నెత్తిన గుచ్చిన అగరొత్తి వాసనా కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. నెల్లిమర్లలో మా నాన్న కొట్టు వాసన అచ్చం ఇదే. కొట్టువాడు "ఎన్ని కాపీలమ్మా" అని అడుగుతున్నాడు, నాకేమో చెవులు వేడెక్కిపోతున్నాయి. ఆ వాసన తగిలితే నాకు సంతోషం కన్నా ముందు సిగ్గు గుర్తొస్తుంది.

మాది వ్యాపారస్తుల కుటుంబం. జూట్ మిల్లుకు పోయే దారిలో కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. ముందువైపు గాజులు, రిబ్బన్లు, జడపిన్నులు. లోపల మూలన ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు. నాన్న దాని ముందు కూర్చుని జనం తెచ్చిన మెమొరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించేవాడు. గల్లాపెట్టె ముందు కూర్చుని 'లేదు' అనే మాట అనకూడదని మా ఇంట్లో పట్టింపు. సరుకు అయిపోతే 'నిండుకుంది' అనాలి, అసలు తెప్పించనిదైతే 'రేపు వస్తాది' అనాలి. పాటల విషయంలోనూ నాన్నది అదే పద్ధతి. ఎవరు ఏ పాట అడిగినా ఎక్కడెక్కడో వెతికి మర్నాటికల్లా పట్టుకొచ్చేవాడు.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది ఎండాకాలంలో, జీడిమామిడి పళ్ళ రసం కారి మా గౌన్లన్నీ మరకలు పడి అమ్మ చేత తిట్లు తినే రోజుల్లో, మొదటి స్పానిష్ పాట మా ఊరొచ్చింది. షిఫ్టు దిగి తలలో నార పీచుతో నేరుగా కొట్టుకి వచ్చే మిల్లు కుర్రాళ్ళకి దాని పేరు నోరు తిరగక, గాలిలో గిటారు మీటి చూపించేవారు.

"మావా, అదే, ఆ అర్దం కాని పాట ఎక్కించీయి."

"ఏ అర్దం కానిదిరా, బోల్డున్నాయి" అనేవాడు నాన్న.

నిజంగానే బోల్డు వచ్చాయి. వానలు మొదలయ్యేసరికి మగగొంతూ ఆడగొంతూ మాటకు మాట అప్పజెప్పుకునేది ఒకటి దిగింది, వినాయకచవితి పందిళ్ళలో ఈలా దరువూ కలిసి గుండెలదిరేలా మోగేది ఇంకొకటి వచ్చింది. దసరా వెళ్ళి విజయనగరం సిరిమాను జాతర నాటికి జెయింట్ వీలు దగ్గరా, ఆటోల్లోనూ, ఖర్జూరాల బళ్ళ దగ్గరా ఎటు తిరిగినా ఆ దేశాల పాటలే. పేర్లు పలకలేక పిల్లలం మేమే పేర్లు పెట్టుకున్నాం: గిటారు పాట, తగువు పాట, ఈల పాట. తొక్కుడుబిళ్ళ గెంతితే తగువు పాట దరువుకే గెంతాలి, తప్పితే అవుటు. గిటారు పాట మాత్రం నాకు మొదటి నుంచి చివరి దాకా నోటికొచ్చేసింది. ముక్క అర్థం తెలియదు. అయినా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా తెలుసు.

మా నాయనమ్మకి సినిమా పాటంటే సరిపడదు. శుభకార్యాల్లో అసలు ఒప్పుకునేది కాదు. "ఆ మాటలు ఆడపిల్లల సెవిన పడకూడదురా" అనేది. అలాంటి మనిషి, ఒకనాడు పెరట్లో చింతపండు పిక్కలు తీస్తూ కొట్టులోంచి గిటారు పాట వినబడితే చెయ్యి ఆపి, "ఇదేటి బాసరా?" అంది. స్పెయిన్ వాళ్ళదమ్మా అన్నాడు నాన్న. "హాయిగా ఉన్నాది. మాటలే తెలీనప్పుడు ఇంక దోసమేటి" అంది. ఆ తర్వాత గవ్వలకి పాకం పట్టేటప్పుడూ, పనసపొట్టు కొట్టేటప్పుడూ ఆ పాటే సన్నగా రాగం తీసేది. పొద్దున్నే దీపం దగ్గర శ్లోకాలు పాడే గొంతే అది, కాస్త వణికే గొంతు. ఇద్దరం కలిసి పాడితే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

కార్తీకమాసంలో మా చిన్నత్తకు సంబంధం కుదిరింది. అరసవల్లి వాళ్ళు, బట్టల వ్యాపారం. అంతకు ముందు ఏవేవో వంకలతో తప్పిపోయిన సంబంధాల వల్ల ఇంట్లో అందరికీ గుండె గుప్పెట్లో పెట్టుకున్నట్టే ఉంది. తాంబూలాలు పుచ్చుకుంటే చాలు అని నాయనమ్మ రామతీర్థం రాములవారికి మొక్కుకుంది. ఆ రోజు పాటలు ఉండాలి, సినిమా పాటలు ఉండకూడదు. నాన్న ఉపాయం ఆలోచించి, ఎవరికీ మాట అర్థంకాని స్పానిష్ పాటలన్నీ సన్నగా పెట్టాడు. అందరూ పెద్దమనుషుల్లా తలలూపుతూ బూరెలు తిన్నారు. తాంబూలం పళ్ళెం మధ్యలో పెట్టారు. అప్పుడు నాయనమ్మ మురిపెంగా నన్ను ముందుకు తోసింది.

"మా మనవరాలు ఈ పాట పాడతాది, ఇనండి. పాడవే."

పట్టు పరికిణీ కుచ్చిళ్ళు సర్దుకుని చేతులు వెనక్కి కట్టుకుని పాడాను. ఒక్కచోట కూడా తడబడలేదు. నాయనమ్మ పక్కన కూర్చుని సన్నగా రాగం కలిపింది. చప్పట్లు కొట్టారు. పెళ్ళికొడుకు పెద్దనాన్నగారి అబ్బాయి కాలేజీ కుర్రాడు, "దీనికి అర్థమేటో సూద్దాం ఉండండి" అని ఫోను తీశాడు. తెలుగులోకి మార్చి నవ్వుతూ గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాల దాకా నవ్వాడు. మూడోది సగంలో ఆపేశాడు. ఆపకుండా ఉంటే నయమేమో, మిగతాది అందరూ ఊహించుకున్నారు. ఆలుమగలు తలుపేసుకున్నాక కూడా గొంతు తగ్గించి అనుకునే మాటలవి. నా వైపు చూసిన వాళ్ళు గబుక్కున చూపు తిప్పుకున్నారు. ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా ఒంటి మీద బట్ట జారిపోయినంత సిగ్గేసింది.

పెళ్ళికొడుకు తల్లి చేతిలోని బూరె ప్లేటు కింద పెట్టింది. "తాంబూలాలు తరవాత సూద్దారి. పిల్లల సేత ఇలాటియి పాడించే ఇల్లని తెలీదు" అంది.

అత్త పట్టుచీరలో చాప మీద తల దించుకుని కూర్చుని ఉంది. నాయనమ్మ లేచింది. ఎవరి ముందూ గొంతు తగ్గించి ఎరగని మనిషి, తన కన్నా వయసులో బాగా చిన్నదైన ఆవిడ ముందుకు వెళ్ళి రెండు చేతులూ జోడించింది.

"తెలీక జరిగింది తల్లీ. పసిదానికి తెలీదు, నాకూ తెలీదు. మనసులో ఎట్టుకోకండి."

ఆవిడ గాజులు సవరించుకుంది, పక్కావిడతో ఏదో అంది, మంచినీళ్ళు తాగింది. అంతసేపూ నాయనమ్మ జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. చివరికి ఆవిడ పళ్ళెం మీద చెయ్యి వేశాక గానీ దించలేదు.

పెళ్ళి జరిగింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుణ్ణు. నాన్న ఆ పాటలన్నీ కంప్యూటరులోంచి తీసేశాడు. మిల్లు కుర్రాళ్ళు వచ్చి అడిగితే గల్లాపెట్టె ముందు కూర్చునే 'లేదు' అన్నాడు. నాయనమ్మ రాగం తీయడం మానేసింది. అది అందరూ అనుకున్నదే. కానీ కొన్నాళ్ళకి దీపం దగ్గర కూర్చుని, చిన్నప్పటి నుంచి పాడుతున్న అమ్మవారి శ్లోకం మధ్యలో ఆగిపోయి నన్ను పిలిచింది.

"దీనికి అర్దమేటో మీ నాన్న ఫోనులో సూసి సెప్పవే. ఏటి పాడతన్నానో నాకు తెలీదు గదా."

చూశాను. అమ్మవారిని పాదాల నుంచి వర్ణించుకుంటూ పోయే శ్లోకం. నడుము దాటేసరికి చదవడం ఆపేశాను. చార్జింగ్ అయిపోయింది నాయనమ్మా అన్నాను. ఆవిడ నా మొహం చూసి తల ఊపింది. మర్నాటి నుంచి దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, నోరు మెదపకుండా లేచేది. శ్లోకంలో తప్పేమీ లేదని పూజారి గారి చేత కూడా చెప్పించాడు నాన్న. "ఉండొచ్చు బాబూ, నా నోటి మీద నాకు నమ్మకం పోనాది" అందిట.

ఇప్పుడు కార్డుల్లో పాటలు ఎక్కించే కొట్లు లేవు, మా కొట్లో ఫోను కవర్లు అమ్ముతున్నారు. నాయనమ్మ పోయింది. పోయిన నెలలో అత్త కూతురి పుట్టినరోజుకి అరసవల్లి వెళ్ళాను. హాలు నిండా జనం, ఫోనులో ఏదో కొత్త స్పానిష్ పాట, దానికి రీలు తీస్తున్నారు. మధ్యలో అత్త వాళ్ళ అత్తగారు, ఆవేళ బూరె ప్లేటు కింద పెట్టిన ఆవిడే, మనవరాలి చెయ్యి పట్టుకుని నడుం తిప్పుతోంది. నన్ను చూసి "రావే, ఏటలా గుంజలా నిల్సున్నావు" అంది.

"పాటకి అర్థమేంటో తెలుసాండీ?" అన్నాను.

"అర్దం ఎవులికి కావాలే, ఊపుండాల గానీ."

ఆవిడకి ఏమీ గుర్తులేదు. నిజంగానే లేదు. నాకే మళ్ళీ ఒళ్ళంతా సిగ్గు పాకింది, పాడింది నేనే కదా అని. వంటింట్లోకి వెళ్తే అత్త స్టవ్ ముందు అటు తిరిగి నిలబడి ఉంది. పాలు పొంగడానికి ఇంకా చాలాసేపుంది, అయినా గిన్నె వైపే చూస్తోంది.

"ఆవేళ అమ్మ ఆ చేతులు జోడించకుండా ఉండాల్సింది" అంది. "సంబంధం పోతే పోను. తను పాడుకుంటూ ఉండేది గదా."