పెద్దమ్మ కంచు తాళాలు

ఎక్కడ కంచు మోగినా నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఇది మా పెద్దమ్మ చలవ.

పూర్వం యెరూషలేము దేవాలయంలో సేవ చేసే లేవీయులు ఒక చరణం పాడితే, జనమంతా గొంతెత్తి బదులు పాడేవారట. వ్యాసర్పాడిలోని మా తెలుగు చర్చిలోనూ ఆ పద్ధతే నడవాలని ఆమె పట్టు. ప్రతి ఆదివారం కంచు తాళాలు పట్టుకుని బెంచీల మధ్య తిరిగేది. ఎవరైనా ఊరికే పెదవులు ఆడిస్తున్నట్టు అనుమానమొస్తే చాలు, చెవి పక్కనే ఠంగుమనిపించేది. ఎక్కువగా బలైంది నా కుడి చెవే.

ఒకసారి ఆమె నా పక్కన ఆగినప్పుడు చెవి ఒగ్గి విన్నాను. ఆమె పెదవులు జోరుగా ఆడుతున్నాయి. శబ్దం మాత్రం లేదు!

ఆరాధన అయ్యాక గేటు దగ్గర పట్టుకున్నాను. "నువ్వే పాడటం లేదు కదా పెద్దమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "గమ్మునుండుపా! నా గొంతు వింటే ఆడ ఒక్కరు కూడా కూర్చోరు. లేవీయుల్లో పాడేవాళ్ళు వేరే, తాళాలు కొట్టేవాళ్ళు వేరే ఉండారు. నేను తాళాల జట్టు."

"అయితే నేనూ ఆ జట్టే."

"నువ్వు జనంరా. జనానికి ఆ వసతి లేదు."