రెండు తన్నులు... మా అమ్మకు తెలిసిన చప్పుడు

మా చిన్నప్పుడు... ధూల్‌పేట్‌ల మా ఇంటికి బెల్లు లేకుండె. తలుపుకు ఇనుప గొళ్లెం, గంతే! పగటిపూట గూడ అమ్మ లోపల గడె పెట్టుకునేది. కానీ వచ్చిందెవరని అడగకపోయేది... చప్పుడు ఇనేది.

బాపుది రెండు నిమ్మళంగ, ఒకటి గట్టిగ. పక్కింటి ఖాలా వస్తే గొళ్లెం కంటే ముందు గాజులు మోగేటివి. గల్లీల ఎవరి చప్పుడు ఏందో అందరికీ తెల్సు.

నాదా... నాకు గొళ్లెం అందకపోతుండె. అందుకే కాలుతోటి రెండు తన్నులు! "ఆడపిల్లవా, గాడిదవా?" అని తిట్టుకుంటనే అమ్మ తీసేది.

ఓ దినం బస్తీల ఏదో లొల్లయింది. దుకాణాల షట్టర్లు ధనధన పడ్డయి. మలక్‌పేటల ప్రెస్సుల పనికి పోయిన బాపు ఇంకా రాలే. నేను ఖాలా ఇంట్ల ఆడుకుంటున్న. ఆమె నన్ను మా వాకిలి దాంక తోల్కొచ్చింది. నాకేం బుద్ధి పుట్టిందో ఏమో... ఇటుక మీదెక్కి, గొళ్లెం పట్టి, అచ్చం బాపు లెక్క కొట్టిన. రెండు నిమ్మళంగ, ఒకటి గట్టిగ.

"వచ్చినవా!" అనుకుంట అమ్మ ఉరికొచ్చి తలుపు తీసింది. చూస్తే నేను! ఇకిలిస్తున్న...

వీపు మీద ఒక్కటి పడ్డది. తర్వాత నన్ను పట్టుకొని ఆమెనే ఏడ్చింది. "ఇంకోల్ల చప్పుడు కొట్టొద్దు బిడ్డా... నా పానం పోయి వచ్చింది." ఖాలా ఆమె పక్కనే కూసోని, "ఫికర్ నక్కో బహెన్, ఆతే ఉనో" అని చెయ్యి పట్టుకున్నది. వస్తడు, రంది పెట్టుకోకు అని.

జర్ర సేపటికి బాపు సైకిల్ మీద వచ్చిండు. గొళ్లెం మోగింది. అమ్మ లేవలే. "ఇంకోసారి కొట్టు" అన్నది. రెండోసారి ఇన్నంకనే తీసింది. నేను సిగ్గుతోటి ఖాలా కొంగు ఎనక దాక్కున్న.

ఇప్పుడు సైదాబాద్‌ల ఫ్లాట్. అమ్మ నాతోటే ఉంటది. తలుపుకు కెమెరా, వేలు పెడితే తెరుసుకునే తాళం... మస్తు బందోబస్తు. నేను మాత్రం రెండు చేతుల సంచులతోటి వచ్చి ఇప్పటికీ తన్నుడే! పాత అలవాటు.

పోయిన నెల నేను ఆఫీసుల ఉంటే అమ్మకు ఫోనొచ్చింది. అచ్చం నా గొంతు, ఏడుపు. "అమ్మా, నన్ను పోలీసులు పట్టుకున్నరే! ఈ నంబర్‌కు జల్ది పైసలు పంపు, ఎవరికీ చెప్పకు." బాపు పోయినంక వస్తున్న పింఛను పైసలన్ని ఆ ఫోన్ల నుంచే పంపొచ్చు. బిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లి ఆగుతది?

కానీ అడిగిందట... "నువ్వు నా బిడ్డవైతే చెప్పు. ఇంటికొస్తే తలుపెట్ల కొడ్తవు?"

అవతలి గొంతు ఏడుపు ఆపి అన్నదట... "బెల్లు కొడ్త గదమ్మా..."

"నా బిడ్డ ఏనాడు బెల్లు కొట్టలే. కాలుతోటి తన్నుతది!" అని ఫోన్ పెట్టేసిందట.

నాకు ఇదేం తెల్వదు, మనిషి గొంతును గూడ కంప్యూటర్ల నకలు కొట్టే దొంగలున్నరని గూడ. సాయంత్రం వచ్చి ఎప్పటి లెక్కనే రెండు తన్నిన. లోపల్నుంచి అమ్మ గొంతు... "ఇంకోసారి!" మల్ల తన్నిన. తలుపు తీసి, "గాడిదవే... నా గాడిదవే" అని నన్ను గట్టిగ పట్టుకున్నది. ఇంత పెద్దగైనంక గూడ అమ్మ పట్టుకుంటే ఎంత పానం నిమ్మళమైతదో చెప్పలేను.

ఈ పోస్ట్ చదివి వినిపిస్తే అమ్మ నెత్తి కొట్టుకున్నది. "పిచ్చిదానా, ఊరందరికీ చెప్పేసినవు గదనే! రేపటి సంది కొత్తది పెట్టు." పెట్టుకున్నం. అదేందో మీకు చెప్ప!

మీ ఇంట్ల మీ చప్పుడెట్లుంటుండె? పాతదే చెప్పుండ్రి, కొత్తది దాసుకోండ్రి... గప్పుడైతే మా చప్పుడు గల్లీ అంతకు తెల్సు, గందుకే మాకు ఫికర్ లేకుండె. ఇప్పుడు ఎవరికీ తెల్వకుంటేనే ఫికర్ లేదంట.