జీపులో శుభలేఖ

మా పాత జీపు ఇంజన్‌లో నా పెళ్లి శుభలేఖ ముక్క ఒకటి ఉంది. ఈ సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు.

పెళ్లి ఆగిపోయి నెలలు గడిచినా నాన్నా నేనూ ఆ మాట ఎత్తలేదు. అచ్చయిన కార్డులు మాత్రం బీరువా మీద కట్టలుగా అలాగే ఉండిపోయాయి. ఒక ఆదివారం చర్చి నుంచి పామర్రులోని ఇంటికి వచ్చాక జీపు కింద నీళ్లు కారుతుండటం చూశాం. నాన్న వాటర్ పంపు విప్పారు. పంపుకీ ఇంజన్‌కీ మధ్య నీరు కారకుండా ఆపే గ్యాస్కెట్ చినిగిపోయింది. ఆదివారం కాబట్టి గవర్నర్‌పేటలోని స్పేర్‌పార్టుల షాపులకి సెలవు. తెల్లారితే నాట్లకి కూలీల్ని తీసుకెళ్లాలి.

"మందపాటి అట్ట ఏదన్నా ఉంటే చూడమ్మా, ఇప్పటికి కోసి పెట్టేద్దాం," అన్నారు.

క్యాలెండర్ అట్ట పలచగా ఉంది. కాసేపు తటపటాయించి ఒక శుభలేఖ తెచ్చిచ్చాను. నాన్న దాన్ని పట్టుకుని నా వంక చూశారు.

"వద్దులేమ్మా."

"పర్లేదు, కొయ్యండి నాన్నా."

ఆయన కదల్లేదు. నేనే కార్డుని పంపు మీద పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంట తట్టాను. బోల్టు కన్నాల ఆకారం అట్ట మీద పడింది. బంగారు రంగు అక్షరాలు కత్తెరకి తెగుతుంటే, భయపడినంత బాధ కలగలేదు. నాన్న రెండు వైపులా గ్యాస్కెట్ పేస్టు రాసి, బోల్టులు బిగించారు. ఆరనిచ్చి, నీళ్లు పోసి, ఇంజన్ స్టార్ట్ చేశాం.

నాన్న వంగి పంపు కింద చేత్తో తడిమి, పొడి వేళ్లు నాకు చూపించారు.

"చుక్క కూడా కారట్లేదే! కార్డు మందంగా ఉండాల్సిందేనని మగపెళ్లివాళ్లు పట్టుబట్టారు చూడూ, ఇన్నాళ్లకి వాళ్ల వల్ల మనకో పని జరిగిందమ్మా."