గవర్రాజు, సూరిబాబు, మా ఆయన

మా ఆయన ఆదిశేషుకి నెమ్మదిగా మాట్లాడటం చేతకాదు. ఉద్యోగమంతా వంతెనలు కట్టించిన ఇంజినీరు కదా, అవతలి గట్టు మీదివాళ్ళకి వినపడేలా మాట్లాడటం అలవాటైపోయిందని నేను సరిపెట్టుకుంటాను. ఈ పరాయి దేశంలో, అరోరా అనే ఊళ్ళో, మా వీధి చివర కుక్కని తిప్పుకునే తెల్లావిడకి, తెలుగు ముక్క రాకపోయినా, మా ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిన రోజు తెలిసిపోతుంది. అంత గొంతున్న మనిషి, అడగాల్సిన ఒక్క మాట అడగలేక నెల రోజులు కుమిలిపోయాడు. విన్నవాళ్ళెవరూ నమ్మరు.

చక్రపాణి అన్నయ్యగారు మా వెనక వీధిలో ఉంటారు. నాకు తోడబుట్టినవారేమీ కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో నన్ను చెల్లెమ్మా అని పిలిచారు, దాంతో మా ఆయనకి బావ అయిపోయారు. ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. వదినగారు పోయాక ఆయన ఒంటరిగా ఉంటున్నారు. పోయినేడు చూపు దెబ్బతింది. మనిషి మొహంకేసి చూస్తే మొహం తప్ప చుట్టుపక్కలంతా కనబడుతుందట. ఇంక బాగుపడదని డాక్టర్లు చెప్పేశారు. దూరాన శాన్ రామన్ అనే ఊళ్ళో ఉండే కూతురు కృతి వచ్చి కారు తాళాలు పట్టుకుపోయింది. ఈ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. అప్పట్నుంచీ పాలకైనా, గుడికైనా, ఆస్పత్రికైనా మా ఆయనే తీసుకెళ్తాడు. కారెక్కిన ప్రతిసారీ అన్నయ్యగారు “నీకు శ్రమ ఇస్తున్నానురా” అంటారు. మా ఆయన “నోర్మూసుకుని బెల్టు పెట్టుకో బావా” అంటాడు.

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో సినిమా. అదీ కొరియా సినిమా. మా మనవరాలు అనన్య ఒకసారి పెట్టి వెళ్ళింది. ఇద్దరు పోలీసులు, ఒకడికి ఒకడంటే పడదు, దొంగల్ని పట్టుకునేలోపు ప్రాణస్నేహితులవుతారు. మా ఆయనకీ, అన్నయ్యగారికీ అదేదో బాగా పట్టేసింది. ఇక ఆ రకం సినిమాలే వెతుక్కుని మరీ చూస్తారు. అన్నయ్యగారు కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవలేరు గనక మా ఆయన చదివి తెలుగులో చెప్తాడు. చెప్పడమంటే మామూలుగా కాదు. ఏ సినిమా అయినా సరే, లావుపాటి పెద్ద పోలీసు పేరు గవర్రాజు, సన్నటి చిన్న పోలీసు పేరు సూరిబాబు. సియోల్ చేపల బజార్లో గవర్రాజు గడ్డకట్టిన చేపతో రౌడీ నెత్తి మీద ఒక్కటిచ్చాడంటే, మా ఆయన సోఫాలోంచి లేచి, “వెయ్యరా వాడి మొహం మండా!” అని కేకలు. తెలుగు డబ్బింగ్ ఉందని కృతి ఫోన్‌లో చెప్పి పెట్టించింది. కాసేపు విని అన్నయ్యగారే ఆపించేశారు. “వీళ్ళకి కోపమొచ్చినా అదే గొంతు, ఆకలేసినా అదే గొంతు. మావాడే నయం” అన్నారు. ఆ రోజంతా మా ఆయన నేల మీద నడవలేదు.

అలాంటిది, కిందటి నెల కృతి ఫోన్ చేసింది. “అంకుల్, డాడీని ఇక్కడికి తెచ్చేసుకుంటున్నాను. ఒక్కరే ఉండటం సేఫ్ కాదు. టికెట్ బుక్ చేశాను” అంది. “మంచి పని చేశావమ్మా” అన్నాడు ఈయన. ఫోన్ పెట్టేసి, గరాజ్‌లోకి వెళ్ళి, శుభ్రంగా ఉన్న కారునే మళ్ళీ కడిగాడు.

“ఉండమని ఒక్కమాట అడగొచ్చు కదండీ?” అన్నాను.

“కన్నకూతురు రమ్మంటుంటే నేనెవర్నే వద్దనడానికి? నా మాటకి మొహమాటపడి బావ ఆగిపోతే ఆ పిల్ల దగ్గర నాకేం మొహం ఉంటుంది?”

“పోనీ నేనడుగుతాను.”

“అడిగావో, ఊరుకోను!”

మొహమాటం, మొహమాటం! మనవాళ్ళకి దేశం మారినా ఈ జబ్బు మాత్రం వదలదు. అన్నయ్యగారేమో వారం వారం అల్మరాలు సర్దుకుంటున్నారు. మా ఆయనేమో ఆ పెట్టెలు మోసి, కారులో పెట్టి, పోస్టాఫీసుకి తీసుకెళ్ళి పంపించి వస్తున్నాడు. నాకు ఇద్దర్నీ చెరో లెంపకాయ కొట్టాలనిపించింది.

ప్రయాణం ముందు శనివారం వచ్చింది. నేను పెసరట్లు వేస్తున్నాను. లోపల మళ్ళీ ఇద్దరు పోలీసులు, దొంగనోట్ల ముఠా, పడవల మీద తన్నులాట. ఆ రోజు మా ఆయన గొంతులో ఊపు లేదు. దొంగ దొరికాక, గవర్రాజుకి దూరపు ఊరికి బదిలీ అయింది. బస్టాండు. బస్సు కదలబోతోంది. సూరిబాబు కిటికీ దగ్గర నిలబడి ఏదో అన్నాడు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూశాను. కింద అక్షరాలు నాకూ కనబడ్డాయి: జాగ్రత్తగా వెళ్ళు.

మా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.

“సూరిబాబు అంటున్నాడూ... వెళ్ళకు గవర్రాజూ అంటున్నాడు. నువ్వు పోతే నాకు శనివారం ఎలా గడుస్తుంది? నేను కేకలేస్తే నవ్వేవాడెవడు? డ్రైవ్ చేయడం నాకేం కష్టం కాదు. నువ్వు పక్క సీట్లో లేకపోతేనే కష్టం. ఒక్కడివీ ఉండటానికి భయమైతే మా ఇంట్లో కింద గది ఖాళీగానే ఉంది, మెట్లెక్కక్కర్లేదు. దమయంతి కూడా ఏమీ అనుకోదు...”

నా పేరు వచ్చేసరికి ఆగాడు. తెర మీద బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. సూరిబాబు కూడా స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. పొయ్యి మీద నా అట్టు మాడిపోతోంది, మాడితే మాడింది. నేను కదల్లేదు.

అన్నయ్యగారు మా ఆయనకేసి తిరిగారు. నెమ్మదిగా, “ఒరేయ్, వాడు రెండు ముక్కలే మాట్లాడాడు. నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు” అన్నారు.

మా ఆయన తల వంచుకున్నాడు.

“నెల నుంచీ చూస్తున్నానురా, ఇవాళ అడుగుతావు, రేపు అడుగుతావు అని. అడక్కపోగా పెట్టెలు మోశావు. నన్ను తిప్పి తిప్పి విసిగిపోయాడు కాబోలు, పోతే తెరిపిన పడతాడు అనుకున్నాను.”

“విసుగా? నీకేమన్నా మతి పోయిందా బావా!” అని మా ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అరుస్తూనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?

అన్నయ్యగారు జేబులోంచి ఫోన్ తీసి, కృతికి కలపమని దానికే చెప్పారు.

“అమ్మా, ఆ టికెట్ క్యాన్సిల్ చేసెయ్... లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఒంటరిగా ఉండనులే, మీ అంకుల్ వాళ్ళింట్లో కింద గదిలో ఉంటాను... సెలవులకి వస్తానమ్మా, తప్పకుండా వస్తాను. నేను అడగలేదు, వాడే అడిగాడు.”

ఆ చివరి మాట ఫోన్ పెట్టేలోగా మళ్ళీ మళ్ళీ చెప్పారు, అవతల ఆ పిల్ల అడక్కపోయినా.