మా బావ మీసం, నా ఫోర్‌కే కెమెరా

మా బావ మీసం పోయిన సంగతి ఇనిండ్రా? రేజరు పట్టింది ఆయనే, పాపం మాత్రం నాదే! నవ్వకుంట ఇనుండ్రి.

మాది కోరుట్ల. నేనొక షార్ట్ ఫిల్మ్ తీస్తున్న. సిరిసిల్లల బట్ట నేసే సాంచలు నడిపే హీరో దుబాయికి పొయ్యే ముందు అద్దంల చూస్కుంట మీసం తీసేస్తడు. ఎందుకు తీస్తడని అడుగొద్దు, షార్ట్ ఫిల్ములల్ల గట్లనే ఉంటది! హీరో మా బావ. నిజంగనే దుబాయిల పనిచేస్తడు, సెలవు మీద అచ్చిండు. మంగళవారం ఫ్లైటు. మా అక్కకు గా మీసమంటె పానం. అందుకే అక్క బావకు సామాన్లు కొననీకి జగిత్యాల పోయిన పొద్దు చూసి షూటింగ్ వెట్టిన.

మా గల్లీ ఖాదర్ చాచా చూడనీకి అచ్చిండు. ఎనుకట ఫిలిం కెమెరాల దగ్గర అసిస్టెంటుగ చేసిండు. నా మూడు ఎల్‌ఈడీ లైట్లు చూసి మూతి ముడిసిండు.

"బేటా, ముఖం మీద నీడ ఏది? మేమైతె ఒక్క లైటు వెట్టి, పొద్దంత రిహార్సల్ చేసి, ఒక్క టేక్ తీసేటోళ్లం."

"మీకు రీలు అయిపోతదని భయం చాచా. నా కార్డుల వంద టేకులు పడ్తయి!"

"కార్డుల వంద పడ్తయి. మూతి మీద మీసం ఒక్కటే గదా?"

ఇననట్టే నా పనిల వడ్డ. అద్దంల కెమెరా ఎర్రలైటు కనవడుతున్నదని నల్ల టేపు అతికించిన. స్క్రీన్ మీది రికార్డింగు గుర్తులు, అంకెలు ఫ్రేముకు అడ్డమస్తున్నయని అవి గూడ తీసేసిన. మస్తు ప్రొఫెషనల్!

"పిల్లా, నడుస్తున్నదా?" అన్నడు బావ, రేజరు మూతి కాడ వెట్టుకొని.

చాచా కెమెరాకు చెవి పెట్టిండు. "సప్పుడే లేదు! మా ఫిలిం కెమెరా నడుస్తుంటె గర్రుమని గల్లీ అంత ఇనవడుతుండె."

"డిజిటల్ సప్పుడు చెయ్యది చాచా. యాక్షన్!" బటన్ నొక్కిన.

బావ ఏం యాక్ట్ చేసిండనుకున్నరు! సగం మీసం పోయేసరికి కండ్లల్ల నీళ్లు. నిజం నీళ్లు! "కట్!" మల్ల బటన్ నొక్కిన. కెమెరా మెడలకెల్లి ఈపు మీదికి ఏలాడేసుకొని, ఇల్లంత తిరిగి అందరికి చాయ్ పోసిన.

గప్పుడే అక్క అచ్చింది. చేతిల సంచి కింద వడ్డది.

"ఏమయ్యా, గదేం మూతి! పాస్‌పోర్టుల మీసమున్నది గదా! ఎయిర్‌పోర్టుల నువ్వెవలని అడిగితె?"

"కళ కోసం," అన్నడు బావ, నా దిక్కు చూస్కుంట.

అక్కకు ఏడుపు తన్నుకచ్చింది. "సరే. మీసం పోతుండంగనన్న చూపియ్యే, ఆఖరిసారి."

టీవీకి కలిపిన, శానా గొప్పగ. బావ మీసంతోని "నడుస్తున్నదా?" అంటున్నడు. నేను "యాక్షన్!" అన్న. బంద్! మల్ల "కట్!" అన్న కాడికెల్లి షురూ. కెమెరా స్టాండుకు బిగించేటప్పుడే బటన్ మీద నా వేలు వడి రికార్డింగు షురువైందట! టీవీల వంటింట్ల నా కాళ్లు. వాకిట్ల నా కాళ్లు. ఇరువై నిమిషాలు. ఫోర్‌కేల.

బావ మూతి తడుముకున్నడు. అక్క టీవీ దగ్గరికి పోయి వంగి చూసింది.

"మడిమెలు గట్ల పగిలినయేందే? మందు వెట్టుకోరాదు?"

ఒక్క మంచి మాటన్న అంటడేమోనని చాచా దిక్కు చూసిన.

"ఒప్పుకుంటున్న బేటా," అన్నడు. "మా ఫిలింల గీ పగుళ్లు గింత సాఫ్‌గ రాకపోతుండె. నీ డిజిటలే గెలిచింది!"