గోడలో దాచిన చవక వైన్

మొంకాయో కొండ కింది ఆ ఊళ్ళో వైన్ దాచుకోవడానికి ఇంటింటికీ కొండలో తొలిచిన గుహ ఒకటి ఉంటుంది. మగపిల్లాడు పుడితే తండ్రి ఆ ఏటి వైన్ సీసాలు గుహ గోడలో పెట్టి ఇటుకలతో మూసేస్తాడు. వాడి పెళ్ళినాడు గోడ పగలగొట్టి బంధువులంతా తాగుతారు. ఆడపిల్ల పుడితే ఏమీ పెట్టరు. అదేమని అడిగితే ఆచారం అంటారు. ఆ మాట వింటే, అందరూ విసి అని పిలిచే ఆ ఊరి కోడలు విసితాసియోన్‌కి ఒళ్ళు మండుతుంది.

కూతురు ఇసార్బే పుట్టిన ఏట తనకీ సీసాలు పెట్టమని మొగుడు హెర్వాసియోని అడిగింది. మనిషి మంచివాడే గానీ, అన్న ఇలారియో ముందు నోరు పెగలదు. ఇక పసిపిల్లని చంకనేసుకుని తనే గుహలోకి దిగింది. పీపాల్లోని ఖరీదైన సరుకు దగ్గరికి ఆమెని రానివ్వలేదు. వాళ్ళ పైతోట గార్నాచా రకం ద్రాక్షపళ్ళతో ఊరి సహకార సంఘం తీసిన చవక ఎర్ర వైన్ మాత్రం దొరికింది. మళ్ళీ కోతలొచ్చేలోపు తాగి పారేయాల్సిన రకమని ఊరంతా అనేది దాన్నే. ఆరు సీసాలు పెట్టి, తనే సున్నం కలిపి గోడ మూసింది. ఊరు పగలబడి నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుంది.

హెర్వాసియో పోయాక పైతోట చాకిరీ అంతా ఆమె మీదే పడింది. ఉత్తర గాలి చెవులు కోసేస్తున్నా కొమ్మలు కత్తిరించింది, రాళ్ళేరింది. కాగితాల మీద తోట ఇలారియోది, వేళ్ళ పగుళ్ళు ఈమెవి. ఇసార్బేకి ఇప్పుడు ముప్పై దాటాయి. పెళ్ళి మాటెత్తొద్దని ఖరాఖండీగా చెప్పేసి, తల్లితో పాటు ఆ తోటనే నమ్ముకుంది. అలాంటిది, ఆ ముసలి తీగలు పీకించి బాదం వేస్తానని ఇలారియో కబురు పెట్టాడు. సోమవారమే ట్రాక్టర్ వస్తుందట.

ఆదివారం గుహ ముందు ద్రాక్షపుల్లల నిప్పుల మీద గొర్రె పక్కటెముకలు కాలుతున్నాయి. విసి అక్కడే అతన్ని నిలదీసింది.

"ఆ పళ్ళ వైన్ రెండేళ్ళు దాటి నిలవదు విసీ," అన్నాడు ఇలారియో ఎముక చీకుతూ. "నిలవని సరుక్కి ధరెక్కడ పలుకుతుంది?"

"ఎవరు దాచి చూశారు బావగారూ? అందరూ ఈస్టర్‌కే గుటకాయ స్వాహా చేసేసి, నిలవదంటే ఎలా?"

"నువ్వు పాతిపెట్టావుగా, తియ్యి మరి! ఒక్క సీసా గొంతు దిగినా ట్రాక్టర్ వద్దంటాను. దిగకపోతే నోరు మూసుకుంటావా?"

"మూసుకుంటాను."

ఇసార్బే సుత్తి తెచ్చి గోడ పగలగొట్టింది. లోపల ఐదు సీసాలు సైనికుల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆరోది పట్టక, వాటి తలల మీద అడ్డంగా పడి ఉంది. ఇలారియో పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నిలబెట్టావుటే! బిరడా ఎండిపోదూ?"

"పడుకోబెట్టాలని నీకెవరూ చెప్పలేదా అమ్మా?" అంది ఇసార్బే మెల్లగా.

"ఎవరు చెప్తారే? ఆ పని ఆడవాళ్ళకి నేర్పితేగా!"

విసి మొహం మాత్రం కందిపోయింది. తప్పు తనదే. మొదటిది తీస్తే బిరడా పొడిపొడిగా రాలింది, లోపల వెనిగర్. రెండోది చెక్క మురిగిన కంపు. తర్వాతవీ అంతే. ఐదోదాన్ని ఇలారియో నాలిక మీద పెట్టుకుని తుపుక్కున ఊశాడు.

"ఇది సలాడ్‌లో పోసుకో. ఆరోదీ ఇంతేలే. మాటంటే మాటే. రేపు పొద్దున్నే ట్రాక్టర్."

 ఏళ్ళ తరబడి పోట్లాడి, చివరికి విసి తన నోటితోనే తోట వదులుకున్నట్టయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిది అంతకన్నా బలమైనదని ఆ క్షణాన తేలింది.

"రానివ్వను," అంది. "ఆరోది వెనిగరే కానీ, విషమే కానీ, తోట మాత్రం పీకనివ్వను. ట్రాక్టర్‌కి అడ్డం పడుకుంటాను."

"మాట తప్పుతావా?"

"తప్పుతాను! ఇన్నేళ్ళు ఆ మొక్కల్ని సాకింది నేను. ఒక బిరడా ఎండిందని పిల్లని రోడ్డు మీద పెట్టనా? అసలా పందానికి ఒప్పుకోవడమే నా తెలివితక్కువ."

అప్పటిదాకా నవ్విన ఇలారియో మొహం గంటు పెట్టుకున్నాడు. ఈ గొడవలోనే ఇసార్బే ఆరో సీసా తీసింది. పడుకుని ఉన్న సీసా కదా, బిరడా తడిగా, నల్లగా, ముక్కవకుండా వచ్చింది. గ్లాసులో పోస్తే అంచున ఇటుక రంగు, మధ్యలో చిక్కటి ఎరుపు. ఎండు అత్తిపళ్ళ వాసన గుప్పుమంది. ఇసార్బే ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది.

"తొందరపడ్డామే అమ్మా. ఇంకో ఐదేళ్ళు ఉండేది ఇది."

విసి కూతురి చేతిలోంచి గ్లాసు లాక్కుని తాగింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెండిట్లో దేన్నీ ఆపుకోలేదు.  ఇలారియో తన ఖాళీ గ్లాసు ముందుకి జరిపాడు.

విసి సీసా వెనక్కి లాక్కుంది.

"ముందు ఆ ట్రాక్టర్ వాడికి ఫోన్ కొట్టండి బావగారూ. నేను వింటుండగా కొట్టండి. తర్వాత పోస్తాను."